టైలరమ్మ అడిగిన గోడ

పోయిన వారం మనం అధ్యక్షుడిని నవ్వుల మధ్య వదిలేసి వచ్చాం. వయోవృద్ధుల సమస్యల మీద శాసనసభ వేసిన కమిటీకి ఆయన అధ్యక్షుడు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఒక ముసలి టైలరమ్మ లేచి నిలబడి ఒకే ఒక్క ముక్క అడిగింది. "గోడకేం భాగ్యమమ్మా, వారం తిరక్కుండా కట్టిస్తాను" అని ఆయన మాటిచ్చాడు. గది గదంతా గొల్లుమంది. టైలరమ్మ మాత్రం నవ్వలేదు. తన సంచీ తీసుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయింది. అందరూ ఎందుకు నవ్వారో అధ్యక్షుడికి తెలియలేదు. తెలియలేదన్న సంగతి ఎవరికీ తెలియకూడదు గనక ఆయన కూడా వాళ్లతో పాటు నవ్వాడు.

తనకు చెవులు సరిగ్గా వినపడవన్న సంగతి ఇంకో ప్రాణికి తెలియదని ఆయన ధీమా. ఒకప్పుడాయన మరమగ్గాల షెడ్డులో పనివాడు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతుంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినపడేది కాదు. అందుకని అక్కడ అందరూ పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లు. జోకులు, తిట్లు, పెళ్లి కబుర్లు అన్నీ పెదాల మీదే నడిచేవి. ఆయన చెవులు తీసుకుంది ఆ షెడ్డే, ఈ విద్య ఇచ్చిందీ ఆ షెడ్డే. యూనియన్ నాయకుడై, శాసనసభ్యుడై ఇంత దూరం వచ్చాక కూడా ఆ విద్యతోనే నెట్టుకొస్తున్నాడు.

భార్య ఉన్నంతకాలం ఇబ్బంది లేకపోయింది. ఆవిడ ఎప్పుడూ ఆయనకు కుడిపక్కనే నడిచేది. ఎవరేమన్నా అదే మాటను తిప్పి మళ్లీ అనేది. "అబ్బాయికి ఉద్యోగం వచ్చిందా!" "రేపు పొద్దున వస్తారా!" అన్న మాటే అంటుందేంటి ఈవిడ అని జనం నవ్వుకునేవాళ్లు. ఆవిడ పోయిన కొన్నాళ్లకు ఇంట్లో గడియారం ఆగిపోయిందని ఆయన బాగుచేయించడానికి తీసుకెళ్లాడు. షాపతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "ఆడుతూనే ఉంది కదండీ" అన్నాడు. ఆ రోజు నుంచి క్వార్టర్సు తలుపు తీసి లోపల అడుగు పెడితే చెరువులో మునిగినట్టే ఉంటుంది ఆయనకు. అక్కడి నుంచి పైకి తేలేది కమిటీ గదిలోనే. అక్కడ పదిమంది ముఖాలుంటాయి, కదిలే పెదాలుంటాయి.

ఆ కమిటీకే ఇప్పుడు గండం వచ్చింది. సభ్యుల్లో ఒకాయన లాయరు. "ముసలివాళ్ల కమిటీ అని పెట్టి ఇన్నాళ్లయింది. టీ తాగడం తప్ప ఒక్క ఇటుకైనా పేర్చామా? దీన్ని ఆరోగ్య కమిటీలో కలిపేస్తే సరి" అని ఆయన తీర్మానం పెట్టాడు. అది ఈ మధ్యాహ్నమే ఓటుకు వస్తుంది. చిత్రమేంటంటే, గదిలో అధ్యక్షుడికి శుభ్రంగా వినపడే గొంతు ఆ లాయరుదొక్కటే. కోర్టుల్లో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు అది. పగవాడి గొంతే చెవికి చుట్టమై కూర్చుంది.

ఇవాళ ఉదయం సంక్షేమాధికారి ఫోనులో సందేశం పెట్టాడు. టైలరమ్మ గోడ పూర్తయిందట. అధ్యక్షుడు దాన్ని మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. ఇటుక అడిగాడు కదా లాయరు, ఇదిగో ఏకంగా గోడ! ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దంలో ఒకసారి నవ్వి చూసుకుని బయల్దేరాడు.

కారులో వెనక సీటులో పెన్సిలమ్మ కూర్చుంది. కమిటీలో ఎవరేమన్నా షార్ట్‌హ్యాండులో రాసుకుని, తర్వాత శుభ్రప్రతి తయారుచేసే ఉద్యోగం ఆమెది. జుట్టులో తెల్లదనం మొదలైన మనిషి. కలం వాడదు, పెన్సిలే. ఆ పేరు పెట్టింది లాయరే. కమిటీ ఎక్కడికి వెళ్తే అక్కడికి ఆమె వెళ్లాలి, అందరి మాటలూ రాయాలి, ఒక్క ముక్క మార్చినా ఉద్యోగం పోతుంది, తను మాత్రం నోరు విప్పకూడదు. అది రూలు.

"ఏమ్మా, ఇవాళ ఫొటో కూడా తీయిద్దాం. రికార్డులో పెట్టొచ్చు కదా?" అన్నాడు అధ్యక్షుడు వెనక్కి తిరిగి.

ఆమె తలూపింది. ముఖం వాడిపోయి ఉంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడాయన.

సందు ఇరుకుగా ఉంది. రెండు వరసల ఇళ్లు, మధ్యలో నడిచే దారి, దారి చివర అందరూ నీళ్లు పట్టుకునే కుళాయి. అన్ని ఇళ్ల వాకిళ్లూ దారిలోకి తెరుచుకుని ఉన్నాయి. టైలరమ్మ ఇంటి ముందు మాత్రం కొత్త ఇటుకల గోడ నిలబడి ఉంది. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. మనిషి తల కంటే ఎత్తు. గోడకూ తలుపుకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు.

"ఎలా ఉంది సార్?" అన్నాడు సంక్షేమాధికారి. ముఖం వెలిగిపోతోంది. "రికార్డు చేతికి రాగానే పని మొదలుపెట్టించాను. ఇంత తొందరగా అమలైన సిఫారసు ఈ శాఖలో ఇంకోటి లేదు."

అధ్యక్షుడు గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఫొటో తీశారు. ఇంకోటి తీశారు. తర్వాత ఆయన పొట్ట లోపలికి లాక్కుని, పక్కకు తిరిగి, ఆ సందులోంచి లోపలికి వెళ్లాడు.

లోపల పట్టపగలే లైటు వెలుగుతోంది. వాకిట్లో ఉండాల్సిన కుట్టుమిషన్ గది నడిమధ్యకు వచ్చేసింది. టైలరమ్మ ఏదో పరదాకు అంచు మడుస్తోంది. ఆవిడ పెదాల మధ్య గుండుసూదులున్నాయి.

"ఏమ్మా, బాగుందా గోడ?" అన్నాడు అధ్యక్షుడు.

ఆవిడ తలెత్తి, సూదులు తీయకుండానే ఏదో అంది. పెదాలు కదలలేదు. చదవడానికేమీ లేదు ఆయనకు. ఇలాంటప్పుడు వాడే మాటొకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"సంతోషం" అన్నాడు.

వెనకాల సంక్షేమాధికారి దగ్గాడు. టైలరమ్మ ఒక్కో సూదీ తీసి, మణికట్టుకు కట్టుకున్న మెత్త మీద గుచ్చింది. అన్నీ అయ్యాక ఆయన ముఖంలోకి చూసి, అక్షరం అక్షరం విడదీసి అంది.

"ఏం చూసి నాయనా సంతోషం? ఆ రోజు పదిమందిలో వేళాకోళం చేశావు, పోనీలే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఇంటి మీదికొచ్చి మరీ చెయ్యాలా?"

"వేళాకోళమేంటమ్మా! అడిగావు, కట్టించాను."

"నేనడిగిందేంటి, నువ్వు కట్టించిందేంటి?"

"గోడే కదా నువ్వడిగింది?"

"గోడా! నా మొహానికి గోడెందుకయ్యా? ఇక్కడేమన్నా ఖజానా ఉందా, కాపలా కాయడానికి?"

సంక్షేమాధికారి కంగారుగా చేతిలో కాగితాలు తిప్పాడు. "ఇదిగో సార్, అచ్చులో ఉంది. సాక్షి చెప్పింది: నాకు గోడ కావాలి. అధ్యక్షులు: గోడకేం భాగ్యమమ్మా."

"నేనా? నేను గోడ కావాలన్నానా?" టైలరమ్మ మిషన్ మీద చెయ్యి ఆనించుకుని లేచింది. "అన్నం తినే నోట్లో ఇటుకలు పెట్టిందెవరు?"

అప్పుడు పెన్సిలమ్మ కదిలింది. ఎప్పుడూ ఎడమవైపు వెనకగా నిలబడే మనిషి, చుట్టూ తిరిగి వచ్చి ఆయనకు కుడిపక్కన నిలబడింది. భార్య పోయాక ఆ పక్కన ఎవరూ నిలబడలేదు. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఆవిడ అడిగింది గోడ కాదు సార్" అంది చిన్నగా.

"ఏంటి?"

"గోడ కాదు."

"కాస్త గట్టిగా అనమ్మా."

ఆమె గుమ్మం వైపు చూసింది. గోడ అవతల సందులో జనం పోగయ్యారు. "గట్టిగా అంటే అందరికీ వినపడుతుంది సార్."

ఆయనకు అది వినపడలేదు గానీ, ఆ పెదాలు చూసి అర్థమైంది. ఆమె ఎందుకు భయపడుతోందో కూడా అర్థమైంది. "వినపడనీ" అన్నాడు.

"తోడు!" అని అరిచింది పెన్సిలమ్మ. అంత గొంతు ఆమెలో ఉందని ఆమెకే తెలియదేమో, అరిచి తనే బెదిరింది. "తోడు కావాలంది సార్! నాకు తోడు కావాలి అంది!"

మేడ మీద బట్టలు ఆరేస్తున్న మనిషి తొంగి చూసింది.

అధ్యక్షుడు శబ్దం రాకుండా ఆ రెండు మాటలూ తనలో తాను పలికి చూసుకున్నాడు. తోడు. గోడ. పెదాలకు రెండూ ఇంచుమించు ఒకటే. గుండ్రంగా తెరుచుకుంటాయి, చివరి కాస్త తేడా వెనకొచ్చే 'కావాలి'లో కలిసిపోతుంది. అసలు తేడా నాలుక దగ్గరుంది. అది పళ్ల వెనక దాక్కుని ఉంటుంది, చూసేవాడికి కనపడదు. షెడ్డులో ఎవరూ ఎవరినీ తోడు అడగలేదు. అక్కడ అందరికీ అందరూ ఉండేవాళ్లు. అందుకే ఆ మాట పెదాల మీద ఎలా ఉంటుందో ఆయన నేర్చుకోలేదు.

"మరి రికార్డులో గోడ అని ఎలా పడింది?"

"నేనే రాశాను సార్." పెన్సిలమ్మ ఈసారి ఎదురుగా వచ్చి, ఆయనకు కనపడేలా ముఖం పెట్టి చెప్పింది. "ఆవిడ తోడంటే మీరు గోడన్నారు. ఉన్నదున్నట్టు రాస్తే అచ్చులో చదివినవాళ్లందరికీ తెలిసిపోతుంది. మీ మాట మార్చడానికి లేదు, వారంలో కట్టిస్తానని మాటిచ్చేశారు. అందుకని ఆవిడ మాట మార్చాను."

"నీకు తెలుసా? నా చెవులు..."

"మొదటి నుంచీ తెలుసు సార్. ఓటు పెట్టినప్పుడు పెన్సిలు నిలబెడితే 'అవును' గెలిచిందని, పడుకోబెడితే 'కాదు' గెలిచిందని... అది నా అలవాటు కాదు సార్. మీ కోసమే."

ఆమె పెన్సిలు తిప్పే అలవాటును తనే కనిపెట్టి తెలివిగా వాడుకుంటున్నానని ఇన్నాళ్లూ మురిసిపోయాడాయన. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కడున్న ఒక్క కుర్చీ టైలరమ్మదే. ఆవిడే దాన్ని కాలితో ఆయన వైపు జరిపింది.

"కూర్చో. పడిపోయేలా ఉన్నావు."

కూర్చున్నాడు. టైలరమ్మ మంచం అంచున కూర్చుంది, ఆయనకు ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేలా. ఆమె కోపం ఇంకా తగ్గలేదు, కానీ మాట నెమ్మదించింది.

"నాకు వాకిలి ఉండేది నాయనా. మిషన్ అక్కడ వేసుకునేదాన్ని. కుళాయికి పోయేవాళ్లందరూ ఇటే పోవాలి. వాళ్లను పిలిచి, అమ్మాయ్, కాస్త సూదిలో దారం ఎక్కించి పో, కనపడి చావట్లేదు అనేదాన్ని. ఎక్కిస్తూ ఎక్కిస్తూ నిలబడేవాళ్లు. వాళ్ల అత్త సంగతి, పిల్లల సంగతి, జ్వరం సంగతి చెప్పేవాళ్లు. దారం ఎక్కేలోపు ఎంత చెప్తే అంత. తొందరగా ఎక్కించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట." ఆవిడ సూది తీసుకుంది. దారం కొస నాలుకతో తడిపి, చూడనైనా చూడకుండా ఒక్క ఊపులో ఎక్కించేసింది. "నా కళ్లకేం రోగం లేదు. చీమ కాళ్లు లెక్కపెట్టగలను."

అధ్యక్షుడు ఆ సూది వంకే చూస్తూ ఉండిపోయాడు.

"సాయంత్రం పూట ఆ కాస్త కబురూ ఉండేది కాదు. అప్పుడు ఎవరైనా ఉంటే బాగుండని, మీరేదో అడగమంటే అడిగాను. గదిలో అందరూ నవ్వారు. సరే, ముసలిదానికి తోడేంటని నవ్వారనుకున్నాను. ఇప్పుడు ఆ పగటి కబురూ పోయింది. పిలిస్తే గోడకు తగిలి నా పిలుపు నాకే వస్తోంది." తల పక్కకు వంచి ఆయన్ని చూసింది. "నీకు వినపడదని ఎవరికీ చెప్పుకోలేదా?"

"లేదమ్మా."

"ఎందుకని?"

"చెప్తే నన్ను ఇంటికి పంపేస్తారు. ఇంట్లో..." ఆయన ఆగాడు. ఇంట్లో ఆడుతూనే ఉన్న గడియారం సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు. "ఇంట్లో ఎవరూ లేరు."

"బాగానే కుదిరాం" అంది టైలరమ్మ. "నాకు కనపడదని అబద్ధం. నీకు వినపడుతుందని అబద్ధం."

ఆయనకు నవ్వొచ్చింది. కన్నీళ్లూ వచ్చాయి. లేచి సంక్షేమాధికారి వైపు తిరిగాడు. "ఈ గోడ ఇవాళే తీయించెయ్."

సంక్షేమాధికారి కాగితాలు మళ్లీ ముందుకు చాపాడు. "అలా ఎలా కుదురుతుంది సార్! సాక్షి అడిగిందని రికార్డులో ఉంది, కమిటీ ఇవ్వమంది, శాఖ కట్టింది. కట్టింది పడగొట్టాలంటే ఆ రికార్డు తప్పని కమిటీయే తీర్మానం చెయ్యాలి. కమిటీ మధ్యాహ్నం తర్వాత ఉంటుందో లేదో..."

మాట మధ్యలోనే ఆపేశాడు. పూర్తి చేయాల్సిన అవసరం లేకపోయింది. కమిటీ పోతే గోడ ఉండిపోతుంది. గోడ పోవాలంటే రికార్డు తప్పని చెప్పాలి. రికార్డు తప్పని చెప్పాలంటే, అది ఎందుకు తప్పిందో చెప్పాలి.

తిరిగి వచ్చేటప్పుడు అధ్యక్షుడు వెనక సీటులో కూర్చున్నాడు, పెన్సిలమ్మ పక్కన.

"ఇవాళ పెన్సిలు నిలబెట్టకు, పడుకోబెట్టకు. ఎవరేమంటే అది, అన్నది అన్నట్టు రాయి. నేనేమన్నా సరే."

"అలాగే సార్."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. పెన్సిలమ్మ ఇంకేదో అంది, ఒకసారి, మళ్లీ ఒకసారి. వీధిలో జనం పెదాలు కదుపుకుంటూ పోతున్నారు. ఆయన వాళ్లనే చూస్తున్నాడు.

మధ్యాహ్నం కమిటీ గదిలో సభ్యులందరూ వచ్చి కూర్చున్నారు. లాయరు లేచి తీర్మానం చదివాడు. "అధ్యక్షా! ఉదయం తమరు గోడ చూసి వచ్చారని విన్నాను. అభినందనలు. ఇటుకలు బాగా కాలాయా?" అని ఒక చెణుకు విసిరి కూర్చున్నాడు. కొందరు నవ్వారు. ఈసారి ఎందుకు నవ్వారో అధ్యక్షుడికి తెలుసు.

ఇక మిగిలింది మూజువాణి ఓటు. అధ్యక్షుడు అడుగుతాడు, సభ్యులు నోటితో చెప్తారు, ఎటు ధ్వని ఎక్కువుంటే అటు గెలిచిందని అధ్యక్షుడు చెవితో తేల్చాలి.

"తీర్మానానికి అనుకూలమైనవారు అవును అనండి."

నోళ్లు తెరుచుకున్నాయి.

"వ్యతిరేకమైనవారు కాదు అనండి."

నోళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఎవరు ఎప్పుడు తెరిచారో, ఎవరు ఎంత గట్టిగా అన్నారో, ఎవరు పెదాలు మాత్రమే కదిపారో ఆయనకు తెలియలేదు. ఎక్కడో దూరాన కుళాయి కారుతున్నట్టు ఉంది, అంతే. అలవాటు చొప్పున కళ్లు పెన్సిలమ్మ బల్ల మీదికి వెళ్లాయి. పెన్సిలు నిలబడలేదు, పడుకోలేదు. రాస్తోంది.

అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"నాకు వినపడలేదు" అన్నాడు అధ్యక్షుడు.

"మళ్లీ చెప్పమంటారా?" అన్నాడు లాయరు.

"మళ్లీ చెప్పినా వినపడదు. నాకు చెవులు వినపడవు. చాలా కాలమైంది. టైలరమ్మ తోడు కావాలంటే నేను గోడ అనుకున్నాను. ఆవిడ ఇంటి ముందు గోడ ఉంది, ఆవిడకు వెలుతురు లేదు, మనిషి లేదు. రికార్డు తప్పు. ఆ గోడ తీయించమని ముందు తీర్మానం చేద్దాం. ఆ తర్వాత నన్ను పంపించెయ్యండి, కమిటీని ఏం చేస్తారో మీ ఇష్టం. ఓటు చేతులెత్తి వెయ్యండి. అది నాకు కనపడుతుంది."

చెప్పేశాక ఒళ్లు తేలికైంది. ఎన్నాళ్లనుంచో మోస్తున్న బరువు దింపి పక్కన పెట్టినట్టు, చేతులు వాటంతటవే బల్ల మీద వాలాయి. గది నిశ్శబ్దంగా ఉందని పెదాలన్నీ మూసుకుని ఉండటం చూసి గ్రహించాడు. మొదట ఒక చెయ్యి లేవబోయి సగంలో ఆగింది. ఆ చెయ్యి ఎత్తబోయిన సభ్యుడు లాయరు వైపు చూస్తున్నాడు.

లాయరు తన చోటు వదిలి లేచాడు. బల్ల చుట్టూ నడిచి వచ్చి, అధ్యక్షుడికి కుడిపక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ముఖంలో వెటకారం లేదు. అది చూసి అధ్యక్షుడికి ఇంకా భయం వేసింది.

"మీరు చెప్పింది ధైర్యమైన మాట" అన్నాడు లాయరు. ఆ గొంతు ఎప్పటిలాగే గంటలా వినపడింది. "గోడ తీయించడానికి నా చెయ్యి ముందు లేస్తుంది. కానీ ఒక్క సందేహం తీర్చండి. మీకు వినపడలేదు, ఒప్పుకుంటాను. ఆవిడ తోడు అన్నది ఈ గదిలో మేమందరం విన్నాం, అందుకే నవ్వాం. మరి అచ్చులో గోడ అని ఎలా పడింది? శాసనసభ రికార్డులో సాక్షి మాట మార్చిందెవరు?"

అధ్యక్షుడి చూపు పెన్సిలమ్మ మీద పడింది. కారులో ఆమె రెండుసార్లు ఏం చెప్పబోయిందో ఇప్పుడర్థమైంది. ఆమె తలెత్తలేదు. అన్నది అన్నట్టు రాయమన్నాడు గనక, ఆ ప్రశ్నను కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటోంది. రాయడం పూర్తిచేసి, పెన్సిలు కాగితం మీద ఆనించి, ఆయన జవాబు కోసం ఆగింది.

వినపడలేదు అని చెప్పి తప్పించుకోవడం ఆయనకు కొట్టిన పిండి. కానీ ఈ ఒక్క ప్రశ్న ఆయనకు స్పష్టంగా వినపడింది. వినపడిందని ఆయన ముఖం చూసిన ప్రతివాడికీ తెలుసు.